లూట్ వాపస్ వద్దు, మాట వాపస్ తీసుకో

పోయిన నెల ఒక రాత్రి మా గల్లీలో నల్లా దగ్గర పెద్ద లొల్లి అయింది. కొట్లాడుకున్నది ఇద్దరు ఆడవాళ్ళు. పన్నెండేళ్ళుగా ఇద్దరూ ఒకే కార్ఖానాకు బీడీలు చేస్తున్నారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఆకు తెచ్చిపెడతారు. ఒకరి బీడీలు ఇంకొకరు తీసుకుపోయి లెక్క ఇచ్చి వస్తారు. అట్లాంటివాళ్ళు బిందెలు పక్కన పెట్టి అరుచుకుంటుంటే, అప్పుడే సాంచాల మీదినుంచి వచ్చిన నాకు సంగతి అంతుపట్టలేదు. నీళ్ళ వంతు గురించేమో అనుకున్నాను, కాదు. చిట్టీ పైసల గురించేమో అనుకున్నాను, అదీ కాదు.

"నా కొడుకు పాకుకుంట 'అన్నా లేపు, అన్నా లేపు' అని మొత్తుకుంటుంటే నీ కొడుకు నిలబడి చూసిండు. వాడు సచ్చినంక వాని తుపాకి ఎత్తుకపోయిండు!" అంటోంది చిన్నోడి తల్లి.

నా గుండె ఆగినంత పనైంది. తర్వాత తెలిసింది, అదంతా ఫోన్‌లో ఆట అని.

ఈ పేజీ రాస్తున్నందుకు గల్లీలో నాకొక చాకిరీ అంటుకుంది. ఏ పంచాయితీ వచ్చినా "పుస్తకంలో రాసేటాయనను పిలువుండ్రి" అంటారు. పెళ్ళి మాటలు, గోడ హద్దులు అయితే ఏదో ఒకటి చెప్పగలను. ఈ ఆట సంగతి నాకేం తెలుసు? "ఆదివారం దాకా ఆగండి, చూసి చెప్తా" అని ఇద్దరినీ ఇళ్ళకు పంపాను. ఆ ఆదివారం దాకా నేను తెలుసుకున్నదే ఈ నెల ముచ్చట. మీ ఇంట్లో కూడా ఒక ఫోన్, ఒక పిల్లవాడు ఉండే ఉంటారు కాబట్టి చివరిదాకా చదవండి.

ఆ ఆట పేరు మీరు వినే ఉంటారు. మొదట పబ్‌జీ. 2020 సెప్టెంబర్ 2న మన సర్కారు దాన్ని ఆపేసింది. 2021 జులైలో బీజీఎంఐ అనే పేరుతో మళ్ళీ వచ్చింది. 2022 జులైలో మళ్ళీ ఆగింది, 2023 మేలో మళ్ళీ తెరుచుకుంది. ఆట మాత్రం అదే. విమానంలోంచి వందమంది ఒక దీవి మీదికి దూకుతారు. దూకేటప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇళ్ళల్లో వెతుక్కుని తుపాకి, హెల్మెట్, మందులు సంపాదించుకోవాలి. దీవి చుట్టూ ఒక నీలం గీత దగ్గరికి జరుగుతూ వస్తుంది. దాని బయట ఉంటే ప్రాణం కరిగిపోతుంది. చివరికి మిగిలిన ఒక్కడు, లేదా ఒక్క జట్టు గెలిచినట్టు.

జట్టుగా ఆడేటప్పుడు దెబ్బ తగిలిన ఆటగాడు వెంటనే చావడు. మోకాళ్ళ మీద పాకుతుంటాడు. పిల్లలు దీన్ని 'నాక్' అంటారు. తోటివాడు వచ్చి పది సెకన్లు పక్కన కూర్చుంటే లేస్తాడు. ఎవరూ రాకపోతే నెమ్మదిగా చచ్చి ఒక పెట్టె అవుతాడు. వాడు సంపాదించుకున్నదంతా ఆ పెట్టెలో ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు. దాన్ని 'లూట్' అంటారు.

ఇక మా గల్లీ కథ. పెద్దోడు పన్నెండో తరగతి. చిన్నోడు ఎనిమిది. చిన్నోడిని రోజూ సైకిల్ మీద బడి దాకా దింపేది పెద్దోడే. సాయంత్రం లెక్కలు చెప్పేదీ వాడే. ఆ రాత్రి జట్టులో నలుగురు దిగితే ఇద్దరు ముందే పోయారు. నీలం గీత మీదికి వస్తోంది. చిన్నోడు నాక్ అయ్యాడు. పెద్దోడు పక్కనే గోడ చాటున ఉన్నాడు. లేపలేదు. చిన్నోడు పెట్టె అయ్యాక అందులోంచి తుపాకి, హెల్మెట్ తీసుకుని పరుగెత్తి ఆ ఆట గెలిచాడు. 

"నేను పోతే ఇద్దరం సచ్చేటోళ్ళం పెద్దబాపు. పది సెకన్లు కూసుంటే వాళ్ళు ఇద్దరిని కొడుతుండె. గెలిస్తే జట్టు గెలిచినట్టే కద" అన్నాడు పెద్దోడు.

"అన్న అనుకున్న. అన్న అయితే లేపుతడు" అన్నాడు చిన్నోడు. 

ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. చిక్కంతా అక్కడే ఉంది.

ఆదివారం పొద్దున చిన్నోడినే గురువుగా పెట్టుకుని నేనూ దిగాను. సాంచా మీద నాలుగు మగ్గాలు ఒకేసారి చూసుకునే చేతులు, రెండు బొటనవేళ్ళతో ఒక బొమ్మను నడిపించలేక చెమటలు పట్టాయి. మొదటి ఆటలో ఇద్దరిని కాల్చాను. గల్లీ అంతా వినబడేట్టు అరిచాను. "అవి బాట్లు పెద్దబాపు. మనుషులు కావు. కొత్తోళ్ళ కోసం కంపెనీ పెడతది" అన్నాడు చిన్నోడు. గాలి తీసినట్టయింది. రెండో ఆటలో అసలైన మనుషులు దొరికారు. మొదటి దెబ్బకే పాకడం మొదలుపెట్టాను. మైకులో "బాబూ, ముసలోణ్ణి, కొత్తగా నేర్చుకుంటున్న, వదిలెయ్" అని మరాఠీలో, హిందీలో బతిమాలాను. అవతల ఎవరో పిల్లవాడు నవ్వాడు. నవ్వుతూనే కాల్చాడు.

నిజం చెప్తాను, కోపమొచ్చింది. పెద్ద మనిషిని, బతిమాలుతున్నాను, జాలి లేదా అనిపించింది. కానీ అయిదో ఆటలో నా ముందు ఎవరో పాకుతూ కనబడ్డాడు. వాడూ ఏదో అంటున్నాడు, ఏ భాషో తెలియదు. నేను ఆగలేదు. కాల్చాను. వాడి పెట్టెలో మంచి తుపాకి దొరికితే సంబరపడ్డాను. రెండు గంటల్లోనే నాకు ఇంత మార్పు వస్తే, రెండేళ్ళుగా ఆడుతున్న పిల్లల మాటేమిటి?

ఎందుకిట్లా అవుతుందో ఆలోచించాను. పడినవాడిని వదిలేస్తే వాడి జట్టువాడు వచ్చి లేపుతాడు, ఇద్దరూ కలిసి నన్ను కొడతారు. కాబట్టి ముగించడమే తెలివి. అవతలివాడి మొహం తెలియదు, పేరు తెలియదు, రేపు మళ్ళీ కనబడడు. జాలి చూపిస్తే మెచ్చుకునేవాడు లేడు, చూపించకపోతే తిట్టేవాడు లేడు. కడదాకా మిగిలితేనే ర్యాంకు పెరుగుతుంది. ఆటను కట్టినవాళ్ళే ఇట్లా కట్టారు. ఆడేవాళ్ళు దుర్మార్గులు కానక్కరలేదు, ఆ గీత దగ్గరికి వస్తుంటే ఎవరైనా అట్లాగే తయారవుతారు.

మా పెద్దమ్మాయి కంప్యూటర్ చదివింది. ఈ రకం ఆటల పుట్టుపూర్వోత్తరాలు దాన్నే అడిగాను. అది చెప్పిన మూడు సంగతులు మీకూ చెప్తాను, ఎందుకంటే మన నల్లా దగ్గరి లొల్లి ఇరవై అయిదేళ్ళకు పైగా లోకమంతా జరుగుతున్నదే.

మొదటిది అమెరికాలో 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్'. ఒకే లోకంలో వేలమంది కలిసి బతికే ఆట. కొందరు కమ్మరి పని చేద్దామని, కొందరు ఇల్లు కట్టుకుందామని, చేపలు పడదామని వచ్చారు. ఇంకొందరు వీళ్ళను ఊరి బయట కాపుకాసి చంపి దోచుకుందామని వచ్చారు. హంతకుల పేర్లు ఎర్రగా కనబడేట్టు చేసినా ఆగలేదు. కొత్తవాళ్ళు విసిగి వెళ్ళిపోతుంటే, 2000లో కంపెనీ అదే లోకానికి ఇంకో నకలు తయారు చేసింది. ఆ రెండో లోకంలో, అవతలివాడు ఒప్పుకోకుండా వాడిని చంపడం కుదరదు. ఏమైందనుకున్నారు? ఎక్కువమంది సామాన్లు సర్దుకుని అక్కడికి పోయారు. పాత లోకంలో తోడేళ్ళు మిగిలాయి, గొర్రెలు లేవు. ఆట చచ్చిపోయిందని తోడేళ్ళే ఏడ్చాయి.

రెండోది 'డేజీ'. 2012లో డీన్ హాల్ అనే న్యూజీలాండ్ మాజీ సైనికుడు చేశాడు. అడవులు, పాడుబడ్డ ఊళ్ళు, తిరిగే పీనుగులు. ఒక డబ్బా తిండి కోసం గంటలు వెతకాలి. చస్తే అంతా పోతుంది, ఉత్త చేతులతో సముద్రపు ఒడ్డున మళ్ళీ మొదలు. అవతలివాడిని చంపమని ఆ ఆట చెప్పదు, చంపొద్దనీ చెప్పదు. "నేను మంచివాణ్ణే, కాల్చొద్దు" అంటూ చేతులెత్తి వచ్చినవాళ్ళను కూడా కాల్చేవాళ్ళు. కసితో కాదు, భయంతో. వాడు అబద్ధమాడుతున్నాడేమో, నా ఆరు గంటల కష్టం పోతుందేమో అని. అదే ఆటలో ఇంకొందరు గాయపడ్డవాళ్ళను వెతుక్కుంటూ పోయి రక్తం ఎక్కించి వచ్చేవాళ్ళట, ఎవరూ అడగకపోయినా. తర్వాత ఈ డేజీ మీదే బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ మనిషి ఒక చివరివాడి ఆట కట్టాడు. అది పెరిగి పెరిగి 2017లో పబ్‌జీ అయింది. మన పిల్లల చేతిలో ఉన్నది ఆ డేజీ మనవడే.

మూడోది 'ఈవ్ ఆన్‌లైన్'. ఐస్‌లాండ్ కంపెనీది, 2003లో వచ్చింది. ఆకాశంలో ఓడలు, వ్యాపారం, సంఘాలు. 2005లో ఒక ముఠా వాళ్ళు ఇంకో సంఘంలో చేరి, సుమారు ఏడాదిపాటు నమ్మకంగా పనిచేసి, పెద్ద పదవులు సంపాదించి, ఒకే రోజు ఖజానా అంతా ఊడ్చుకుపోయారు. నాయకురాలి ఓడను పేల్చేశారు. కంపెనీ వాళ్ళను శిక్షించలేదు. ఈ ఆటలో మోసం కూడా ఆటే అని ముందునుంచీ చెప్పింది. కానీ అదే కంపెనీ ఇంకో మాట కూడా చెప్పింది: ఆటలోని ఓడను దోచుకోవచ్చు, ఆట బయట ఉన్న మనిషిని బెదిరించకూడదు, వేధించకూడదు. 

ఈ మూడూ విన్నాక నాకు మా చిన్నప్పటి గోటీలాట గుర్తొచ్చింది. సాంచాల షెడ్డు వెనక మట్టిలో ఆడేవాళ్ళం. గుంట తవ్వగానే ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు: "గెలిచినవి వాపస్ ఇచ్చేదా, ఉంచుకునేదా?" ఉంచుకునేదని ఒప్పుకుని ఆడినవాడు జేబు ఖాళీ అయినా ఇంటికి పోయి తల్లికి చెప్పుకునేవాడు కాదు. చెప్పుకుంటే మర్నాడు అందరూ నవ్వేవాళ్ళు. లొల్లి ఎప్పుడయ్యేదంటే, ఆ ప్రశ్న అడగడం మరిచిపోయిన రోజు. ఒకడు వాపస్ ఆట అనుకున్నాడు, ఇంకొకడు ఉంచుకునే ఆట అనుకున్నాడు. గోటీలు అవే, గుంట అదే. ఒకడికి గెలుపు, ఒకడికి దొంగతనం.

మా చిన్నోడు, పెద్దోడు ఆ ప్రశ్న అడుక్కోలేదు. పెద్దోడు వందమంది మధ్య దిగాడు, ర్యాంకు కోసం. చిన్నోడు అన్నతో కలిసి దిగాడు, సైకిల్ మీద ఎక్కినట్టు. ఆ రాత్రి దాకా ఇద్దరి ఆటలూ వేరని ఇద్దరికీ తెలియదు. చిన్నోడికి నొప్పి తుపాకి పోయినందుకు కాదు. 'అన్న' అన్నమాటకు అక్కడ విలువ లేదని తెలిసినందుకు. 

ఆదివారం సాయంత్రం మా గుమ్మం ముందు రెండిళ్ళవాళ్ళూ కూర్చున్నారు. నేను ఈ గోటీల మాట చెప్పాను. "లేపకపోవడం తప్పు కాదు, ముందు చెప్పకపోవడం ఇద్దరి తప్పు" అన్నాను. అందరూ తలూపారు. టీ కూడా అయిపోయింది. ఇక లేవబోతుంటే చిన్నోడి తల్లి లేవలేదు. చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది.

"అన్నా, తుపాకి సంగతి నాకేం తెలుసు. నేను లొల్లి చేసింది దానికి కాదు. ఫోన్ స్పీకర్ మీద ఉండె. నేను ఆకు కత్తిరించుకుంట విన్న" అంది. 

ఏం విన్నదో ఆమె చెప్పలేదు. చిన్నోడు తల దించుకున్నాడు. పెద్దోడి మొహం తెల్లబోయింది. చివరికి వాడే చెప్పాడు. చిన్నోడు చచ్చినంక కూడా మైకులో ఏడుస్తూ 'మోసగాడివి' అని తిడుతుంటే, వీడికి చిరాకొచ్చి అన్నాడట: "మీ నాయన లెక్కనే నువ్వు కూడ పడుకుంట లేసుకుంట ఉంటవు. నిన్నెవడు లేపుతడు?"

చిన్నోడి తండ్రి సంగతి గల్లీలో అందరికీ తెలుసు. పనిచేసిన కార్ఖానా మూతబడ్డాక మనిషి తాగుడులో పడ్డాడు. రాత్రిళ్ళు రోడ్డు మీద పడిపోతే నలుగురం మోసుకొచ్చి పడుకోబెట్టిన రోజులున్నాయి. ఆ నలుగురిలో పెద్దోడి తండ్రి కూడా ఉన్నాడు. ఇప్పుడు ఆయనే తన కొడుకు మొహం చూడలేక అటు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు నాకు తెలిసింది, వారం రోజులు నేను ఆట గురించి పాఠం చదివాను గానీ అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో అడగనే లేదని. దీవి మీద తగిలిన దెబ్బ కాదది. ఇంట్లో, ఆకులు కత్తిరించుకుంటున్న మనిషికి తగిలింది. 

సంక్రాంతికి మన పిల్లలు పతంగులు ఎగరేస్తారు. అవతలివాడి పతంగి కోస్తే అది ఆట. కోసినవాడు అరుస్తాడు, తెగినవాడు ఇంకోటి కట్టుకుంటాడు. కానీ నైలాన్ మాంజా పెడితే, దారిన బండి మీద పోయేవాడి మెడ కోసుకుంటుంది. వాడు పతంగి ఆటలో లేనే లేడు. అందుకే ఆ మాంజాను నిషేధించారు, పతంగులను కాదు. మైకులో అనే మాట కూడా అంతే. తుపాకి గుండు దీవి మీదే ఆగిపోతుంది. అమ్మను, అయ్యను, కులాన్ని, పేదరికాన్ని అన్నమాట ఫోన్ దాటి ఇంట్లోకొస్తుంది. 

పెద్దోడికి నేను తీర్పేమీ చెప్పలేదు. వాడే అడిగాడు, "లూట్ వాపస్ ఇయ్యాల్నా పెద్దబాపు?" అని. "లూట్ వాపస్ వద్దు, అది ఆట. మాట వాపస్ తీసుకో" అన్నాను. వాడు లేచి చిన్నోడి తల్లి ముందు కూర్చుని "తప్పయింది చిన్నమ్మా" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి, "రేపు బడికి తోల్కపోతవా వాణ్ణి?" అని అడిగింది. "పోతా" అన్నాడు. 

చిన్నోడినీ వదల్లేదు నేను. "నువ్వు మైకులో కొత్తవాళ్ళను ఏమంటవో నేను పక్కన కూర్చుని విన్న కదరా" అన్నాను. వాడు నవ్వి తల గోక్కున్నాడు. పడ్డప్పుడు ఏడ్చేవాడే నిలబడ్డప్పుడు తిడతాడు. నేను కూడా పాకేవాణ్ణి కాల్చినవాణ్ణే కదా!

చదివే తల్లిదండ్రులకు నాకు తోచిన నాలుగు మాటలు. ఫోన్ పగలగొట్టకండి, ఒక ఆట పోతే ఇంకో ఆట వస్తుంది. ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. ఆ ఆటలోనే 18 ఏళ్ళ లోపువాళ్ళకు రోజుకు మూడు గంటలని హద్దు ఉంది, తల్లిదండ్రుల ఫోన్ నంబరూ అడుగుతుంది. పిల్లవాడు వయసు అబద్ధం చెప్పి ఆ హద్దు దాటాడేమో కనుక్కోండి. స్పీకర్ తీసి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే లొల్లి ఉండదని సంతోషించకండి. ఏం అంటున్నాడో, ఏం వింటున్నాడో మీకు తెలియకుండా పోతుంది, అంతే. గెలిచావా అని అడిగే ముందు ఎవరితో ఆడావు, ఏమన్నావు అని అడగండి.

పిల్లలకు ఒకే మాట. దిగేముందు మనం గోటీలకు అడిగిన ప్రశ్నే అడుక్కోండి. ఈ రోజు ర్యాంకు కోసమా, దోస్తీ కోసమా? పడితే లేపుతావా, వదిలేస్తావా? ముందు చెప్పి వదిలేస్తే ఎవడూ ఏడవడు. 

మొన్న సాయంత్రం మా గుమ్మం ముందునుంచి ఇద్దరూ సైకిల్ మీద పోతున్నారు. చిన్నోడు వెనక కూర్చుని అడుగుతున్నాడు, "అన్నా, ఇయ్యాల ఏ ఆట?" 

"ఇయ్యాల లేపే ఆట" అన్నాడు పెద్దోడు, తొక్కుకుంటూ. 

నల్లా దగ్గర వాళ్ళ తల్లులిద్దరూ ఇంకా మునుపటిలా మాట్లాడుకోవడం లేదు. కానీ పోయిన గురువారం ఒకామె బీడీల బుట్ట ఇంకొకామె నెత్తి మీద చూశాను. ఇంక ఆ పంచాయితీకి నన్ను పిలవరని అనుకుంటున్నాను.